కొండనే కోటగా మలచిన రాజు: వాతాపి గిరిదుర్గం – శాసనపాఠం, శిథిలసాక్ష్యం

ఉపోద్ఘాతం

బాదామి చాళుక్యుల చరిత్ర తెలుగు పాఠకులకు పరాయి రాజవంశపు చరిత్ర కాదు. వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యానికి మూలపురుషుడైన కుబ్జ విష్ణువర్ధనుడు వాతాపి రాజకుటుంబంలో పుట్టినవాడు, రెండవ పులకేశికి తమ్ముడు. ఆలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు ఆ వంశపు ఏలుబడిలో వెలసినవే. అయినా వారి రాజధానిని గురించి తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా గుహాలయాల దగ్గరే ఆగిపోయాయి. గుహలకు పైన, తటాకానికి ఇరువైపులా కొండల మీద పరచుకొని ఉన్న కోట గురించి ‘చాళుక్యుల కోట’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయింది. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మొదటిది, క్రీ.శ. 543లో ఒక రాజు ఇక్కడ దుర్గం చేయించాడన్న శాసనసత్యం. రెండవది, ఈనాడు కంటికి కనిపించే గోడలు, బురుజులు ఆ రాజు కట్టించినవేనన్న ఊహ. మొదటిదానికి రాతి మీది సాక్ష్యం ఉంది. రెండవదానికి ఆ గోడలే అడ్డు చెబుతున్నాయి. ఈ రెంటినీ విడదీసి, ఆరవ శతాబ్దపు దుర్గాన్ని ఏ ఆనవాళ్లలో వెతకాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థలస్వరూపం

బాదామి నేటి కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లాలో, మలప్రభానది పరీవాహక ప్రాంతంలో ఉంది. ఎర్ర ఇసుకరాతి పీఠభూమి పడమటి అంచు ఇక్కడ నిట్టనిలువుగా తెగి, లోపలికి ఒక గుర్రపునాడా ఆకారంలో వంగుతుంది. ఆ వంపు నడుమ ఉన్నది అగస్త్యతీర్థమని పిలిచే తటాకం. తటాకానికి ఉత్తరాన ఒక కొండ, దక్షిణాన మరొకటి. పడమటి వైపు మట్టికట్ట, ఆ కట్టకు దిగువన ఊరు. వానకాలంలో తూర్పు పీఠభూమి మీది నీరు జలపాతాలై ఈ తటాకంలోకే దూకుతుంది. ఉత్తరపు కోటను స్థానికులు ‘బావన్ బండె కోటె’ అని, అంటే యాభైరెండు బండల కోట అని, దక్షిణపు కోటను ‘రణమండల కోటె’ అని పిలిచేవారని పందొమ్మిదవ శతాబ్దపు గెజెటీరు నమోదు చేసింది. నాలుగు గుహాలయాలు దక్షిణపు కొండ ముఖంలో ఉన్నాయి.

ఇక్కడి ఇసుకరాయికి ఒక స్వభావం ఉంది. అది పొరలు పొరలుగా అడ్డంగా పేరుకొని, సంధుల వెంట నిలువుగా చీలుతుంది. ఆ చీలికలు కాలక్రమంలో వెడల్పై, రెండు ఎత్తైన రాతిగోడల మధ్య సన్నని సందులుగా మారాయి. ఉత్తరపు కొండ ఎక్కేవారు నేటికీ ఇటువంటి సందుల గుండానే పోవాలి. ఇరువైపులా రాయి నిటారుగా నిలిచి ఉంటుంది. పైన ఆకాశం ఒక చీరపేలికలా కనిపిస్తుంది. సందు మలుపు తిరిగిన చోట ద్వారం, ద్వారం దాటితే మెట్లు, మెట్లెక్కితే మళ్లీ సందు. పైనున్నవారికి కిందివారు ప్రతి మలుపులోనూ కనిపిస్తారు, కిందివారికి పైవారు కనిపించరు. కోటగోడ చేయవలసిన పని ఇక్కడ కొండ చేస్తున్నది. ఈ సంగతి శాసనపాఠాన్ని అర్థం చేసుకోవడానికి అత్యవసరం.

ఆలస్యంగా బయటపడిన శాసనం

బాదామి పరిశోధకులకు కొత్త స్థలం కాదు. జేమ్స్ బర్జెస్ 1874లో బెళగావి, కలాదగి జిల్లాల సర్వేలో భాగంగా ఇక్కడి శిల్పసంపదను వివరించాడు. జె.ఎఫ్. ఫ్లీట్ ఇక్కడి శాసనాలను చదివి ప్రకటించాడు. హెన్రీ కజెన్స్ చాళుక్య వాస్తువుపై తన గ్రంథాన్ని 1926లో వెలువరించాడు; ఆర్.డి. బెనర్జీ బాదామి శిల్పఫలకాలపై పురావస్తుశాఖ స్మారికను 1928లో ప్రకటించాడు. ఇంతమంది కళ్లు తిరిగిన ఆ కొండ మీదనే రాజధాని స్థాపనను చెప్పే శాసనం ఉంది. అది 1941లో గాని వెలుగు చూడలేదు. ఉత్తరపు కొండ రాతిముఖం మీద చెక్కిన ఆ అయిదు పంక్తుల సంస్కృత శాసనాన్ని ఆర్.ఎస్. పంచముఖి ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించారు.

ఈ ఆలస్యానికి పర్యవసానం ఉంది. 1941కి ముందు వ్రాసిన చరిత్రలన్నీ చాళుక్య రాజ్యారంభాన్ని తరువాతి రాజుల ప్రశస్తుల నుండి వెనక్కి లెక్కగట్టి ఊహించినవే. గుహాలయాల్లో మూడవదానిలో ఉన్న మంగళేశుని శాసనం శకవర్షం 500, అంటే క్రీ.శ. 578 నాటిది, అంతవరకు బాదామిలో తేదీ వేసిన అతిప్రాచీన సాక్ష్యం అదే. కొండశాసనం శకవర్షం 465ను, అంటే క్రీ.శ. 543ను పేర్కొనడంతో రాజధాని చరిత్ర ఒక్కసారిగా ముప్పై అయిదేళ్లు వెనక్కి జరిగింది. శకసంవత్సరాన్ని స్పష్టంగా పేర్కొన్న తొలి చాళుక్య శాసనం కూడా ఇదే కావడం శాసనశాస్త్రజ్ఞులకు మరొక ఆసక్తి.

శాసనం రాజు పేరును పులకేశి అని చెప్పదు. చళిక్య వంశపు వల్లభేశ్వరుడు అంటుంది. శ్రౌతవిధానంతో అశ్వమేధాది యజ్ఞాలు చేసినవాడు, హిరణ్యగర్భం నుండి పుట్టినవాడు అంటుంది. అశ్వమేధ ప్రస్తావన, వల్లభ బిరుదం తరువాతి శాసనాల్లో మొదటి పులకేశికే అన్వయిస్తున్నందున గుర్తింపు విషయంలో వివాదం లేదు. యజ్ఞాల వెంటనే దుర్గనిర్మాణం ప్రస్తావించడం గమనించదగినది. స్వతంత్ర రాజ్యాధికారాన్ని ప్రకటించుకోవడానికి ఆ రాజుకు రెండు సాధనాలు: ఒకటి వైదిక క్రతువు, రెండవది కొండ.

పాఠం ఏం చెబుతున్నది?

చరిత్రగ్రంథాలు ఈ శాసనాన్ని ‘మొదటి పులకేశి బాదామిలో కోట కట్టించాడు’ అని ఒక వాక్యంలో తేల్చివేస్తాయి. పాఠం అంతకంటే నిర్దిష్టంగా ఉంది. అందులో ‘వాతాపి’ అన్నది ఊరి పేరుగా రాలేదు; పర్వతేంద్రమన్న విశేషణంతో కొండ పేరుగా వచ్చింది. రాజు ఆ కొండను, భూమి అభ్యుదయం కోసం, జయింపరాని దుర్గంగా చేయించాడు. ‘అధస్తాత్’, ‘ఉపరిష్టాత్’ అనే రెండు క్రియావిశేషణాలు ఆ పని ఎక్కడ జరిగిందో చెబుతాయి: కిందా, పైనా. క్రియ ‘అచీకరత్’, చేయించాడు అన్న ప్రేరణార్థకం. పాఠంలో ప్రాకారమన్న మాట లేదు. కందకమన్న మాట లేదు. బురుజు, గోపురం, ద్వారం వంటి నిర్మాణవాచకాలు ఒక్కటీ లేవు.

మౌనం నుండి వాదన తీయడం ప్రమాదమే. అయిదు పంక్తుల శ్లోకశాసనంలో నిర్మాణవివరాల పట్టిక ఉండదు. కానీ ఇదే వంశం గోడ కట్టినప్పుడు ఏమని వ్రాయించుకున్నదో పోల్చి చూసే అవకాశం తెలుగుదేశంలోనే ఉంది. శకవర్షం 635, క్రీ.శ. 713 నాటి విజయాదిత్యుని ఆలంపురం శాసనం, రాజాజ్ఞపై ఈశానాచార్యస్వామి అక్కడ ప్రాకారబంధం చేయించినట్లు చెబుతున్నది. తుంగభద్ర ఒడ్డున, కొండ అండ లేని స్థలంలో ఆలయాలకు ఆవరణ కావలసివచ్చింది. అక్కడ మాట ‘ప్రాకారం’. వాతాపిలో అవసరం వేరు, మాట వేరు. రెండు శాసనాల మధ్య నూట డెబ్బై ఏళ్ల దూరం ఉన్నా, ఒకే ఆస్థానపు సంస్కృత పరిభాషలో ఈ భేదం యాదృచ్ఛికమని కొట్టివేయడం కష్టం.

అర్థశాస్త్రం కూడా ఇదే దిక్కును సూచిస్తుంది. దుర్గాలను ఔదక, పార్వత, ధాన్వన, వనదుర్గాలుగా విభజిస్తూ, పార్వతదుర్గాన్ని బండలతో కూడినది లేదా గుహ అని నిర్వచిస్తుంది. మనుధర్మశాస్త్రం అన్ని దుర్గాల్లోకి గిరిదుర్గమే శ్రేష్ఠమంటుంది. ఈ సంప్రదాయంలో ‘దుర్గం’ అంటే మొదట దుర్గమమైన స్థలం, పోరాని చోటు. నిర్మాణం ఆ దుర్గమత్వానికి పెట్టే మెరుగు మాత్రమే. తెలుగులో కోట అనగానే మనసులో మెదిలేది రాతిగోడ. ఆ భావాన్ని ఆరవ శతాబ్దపు ‘దుర్గం’ మీద మోపడమే చాలా పొరపాటు నిర్ణయాలకు మూలం.

మరొక చిక్కు ఉంది. చాళుక్యుల శాసనాల్లో కొన్ని మొదటి కీర్తివర్మను వాతాపికి ‘ప్రథమవిధాత’, అంటే మొదటి నిర్మాత అంటాయి. తండ్రి శాసనం రాతి మీద ఉండగా కుమారునికి ఆ కీర్తి ఎలా దక్కింది? కోట పని తండ్రి కాలంలో మొదలై కుమారుని కాలంలో ముగిసిందని కొందరు చరిత్రకారులు సమాధానపరచారు. కొండశాసన పాఠాన్ని పైన చెప్పినట్లు చదివితే ఈ వైరుధ్యం మరింత సులువుగా విడిపోతుంది. తండ్రి కొండను దుర్గం చేశాడు. కుమారుడు దానిని అంటిపెట్టుకొని నగరాన్ని చేశాడు. కీర్తివర్మ రాజ్యకాలపు పన్నెండవ ఏటనే మూడవ గుహాలయం పూర్తి కావడం, వాతాపి నగరస్వరూపం అతని కాలంలోనే రూపుదిద్దుకున్నదనడానికి బలమైన ఆధారం.

నిలిచి ఉన్న గోడలు ఎవరివి?

ఉత్తర, దక్షిణ కొండల మీది ప్రాకారాలకు కొమ్మలున్నాయి. ఆ కొమ్మల్లో తుపాకీ పేల్చడానికి వీలుగా రంధ్రాలున్నాయి. బురుజుల మీద ఫిరంగులు నిలిపే వేదికలున్నాయి. ఒకటి రెండు ఫిరంగులూ మిగిలాయి. తుపాకీమందు దక్కను యుద్ధాల్లోకి వచ్చింది పదిహేనవ శతాబ్దంలో. కనుక ఈ భాగాల రూపం అంతకు తరువాతిదని చెప్పడానికి తవ్వకాలు కూడా అవసరం లేదు. ఉత్తరపు కోటలో గుండ్రంగా, గుమ్మటాలతో, సున్నపుపూతతో ఉన్న ధాన్యాగారాలు సందర్శకులను ఎక్కువగా ఆకర్షిస్తాయి. చాళుక్య శిల్పులు ఇసుకరాతి దిమ్మెలను సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి అమర్చిన తీరుకూ, ఈ గుమ్మటపు కట్టడపు తీరుకూ పోలిక లేదు.

శాసనసాక్ష్యమూ ఇందుకు తోడుగా ఉంది. బాదామిలోనే, క్రీ.శ. 1340లో విజయనగర స్థాపకుడు మొదటి హరిహరుని అధికారి చామెయ నాయకుడు కోట కట్టించినట్లు చెప్పే శాసనం ఉంది. పులకేశి శాసనానికీ దీనికీ మధ్య దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. నడుమ క్రీ.శ. 753 ప్రాంతంలో దంతిదుర్గుని విజయంతో రాజధాని హోదా పోయింది. రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, సేవుణులు గడచిపోయారు. కొత్తగా పుట్టిన విజయనగర రాజ్యం తన ఉత్తరపు సరిహద్దును కాచుకోవడానికి ఈ పాత కొండను మళ్లీ ఎంచుకొన్నది. తరువాత ఆదిల్‌షాహీలు, మరాఠాలు, మైసూరు సుల్తానులు తమ తమ యుద్ధావసరాలకు తగినట్లు దీనిని సరిచేసుకొన్నారు. ఈనాటి గోడలు ఈ పొరలన్నీ కలిసిన ముద్ద. ‘చాళుక్యుల కోట’ అన్న పేరు, ఇల్లు కట్టినవాడికంటే ఇంటిస్థలం కొన్నవాడి పేరు పెట్టినట్లుంది.

దుర్గభావన ఎలా మారిందో చూడడానికి రాయచూరు కోట మంచి పోలిక. కాకతీయుల కాలంలో, 1294లో, గోన గన్నయరెడ్డి సేనాని విఠలనాథుడు అక్కడ లోపలి కోటను కట్టించాడు. గోడలో పొదిగిన ఒక మహాశిల మీదనే ఆ శాసనం ఉంది. ఆ శిల నలభై ఒక్క అడుగుల పొడవు. దానిని బండ్ల మీద లాగి తెచ్చిన దృశ్యం కూడా పక్కన గోడ మీద గీసి ఉంది. అక్కడ గర్వకారణం గోడ, దానికి తెచ్చిన రాయి, తేవడానికి పడిన శ్రమ. వాతాపి శాసనపు గర్వకారణం కొండ. రాయిని కోట దగ్గరకు తెచ్చిన కాలానికీ, కోటను రాయి దగ్గరకు తెచ్చిన కాలానికీ మధ్య సాంకేతికత మాత్రమే మారలేదు. రాజుకు లభించే శ్రామికశక్తి, దానిని కూడగట్టగల సేనానుల వ్యవస్థ కూడా మారాయి. తొలి మధ్యయుగపు రాజ్యాలను కాకతీయ యుగపు కొలబద్దతో కొలవడం వల్ల అవి ఉన్నదానికంటే బలమైనవిగానో బలహీనమైనవిగానో కనిపించే ప్రమాదం ఇక్కడే ఉంది.

చాళుక్య స్తరం ఎక్కడ?

మరి ఆరు, ఏడు శతాబ్దాల దుర్గపు ఆనవాళ్లు ఎక్కడ ఉన్నాయి? తేదీ నిర్ణయించదగిన చాళుక్యకాలపు కట్టడాలను స్థలపటం మీద గుర్తిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ఉత్తరపు కొండ శిఖరం మీద ఎగువ శివాలయం. అదే కొండ మధ్యభాగాన దిగువ శివాలయం. వాయవ్యాన విడిగా నిలిచిన బండగుట్ట మీద మాలెగిత్తి శివాలయం. మూడూ ఏడవ శతాబ్దానివి. దక్షిణపు కొండ ముఖాన గుహాలయాలు. తటాకపు తూర్పు ఒడ్డున భూతనాథాలయం, దాని లోపలి భాగాలు చాళుక్యకాలానివి. అంటే శిఖరం, నడిమెట్టు, విడిగుట్ట, కొండముఖం, నీటియొడ్డు, ఇలా ప్రతి మట్టం మీదా రాజవంశపు ముద్ర ఉంది. శాసనంలోని ‘కిందా పైనా’ అన్న రెండు మాటలకు నేల మీది వివరణ ఇదే.

ఎగువ శివాలయం గోడల మీద రామాయణ, కృష్ణలీలా ఘట్టాలు, గోవర్ధనోద్ధరణం, నరసింహమూర్తి ఉన్నాయి. నేటి పేరు శివాలయమైనా శిల్పసంపద వైష్ణవం. కొండకొమ్మున, కిందినున్న ఊరికంతటికీ కనబడే చోట దీనిని నిలపడం కేవలం భక్తికార్యమనుకోవడం కష్టం. హిరణ్యగర్భం నుండి పుట్టానన్న రాజు వారసులు, వరాహాన్ని లాంఛనంగా ధరించినవారు, దుర్గపు అత్యున్నత స్థానాన్ని దేవుడికి ఇవ్వడం రాజనీతి కూడా.

రాజు నివసించిన భవనం మాత్రం నిలవలేదు. ఆ కాలపు రాజగృహాలు కొయ్యవి, ఇటుకవి. కొయ్యపని ఎలా ఉండేదో తెలియాలంటే మూడవ గుహాలయం చూరు కింద చూడాలి. దూలాలు, వాసాలు, కొయ్యబ్రాకెట్లను తలపించే సాలభంజికలు అన్నీ రాతిలో మలచినవి. వడ్రంగి పనిని ఎరిగిన చేయి రాతిని చెక్కిన తీరు అది. అక్కడి చూరు వంపులో మిగిలిన వర్ణచిత్రశకలాల్లో బహుస్తంభ మండపంలో కొలువుతీరిన రాజపురుషుడు, నాట్యం, వింజామరలు పట్టిన స్త్రీలు కనిపిస్తారు. కొండ మీద ఏమి ఉండేదో ఊహించడానికి కొండ కింద దొరికే చిత్రం అది.

నీటి విషయం ఇంకా ముఖ్యం. కొండలపై రాతిగుంటల్లో నిలిచే వాననీరు కాపలాదళానికి సరిపోవచ్చు గాని నగరానికి చాలదు. నగరం నిలవాలంటే పడమటి కట్ట నిలవాలి. భూతనాథాలయం నీటియొడ్డున నిలిచిన తీరు, చాళుక్యకాలానికే ఇక్కడ తటాకం ఉన్నదని సూచిస్తుంది. ‘అధస్తాత్’ అన్న మాటలో కొండమొదటి ద్వారాలు, మెట్లు మాత్రమే కాక ఈ నీటికట్టు కూడా చేరి ఉంటుందని భావించడం సమంజసం. శత్రువు కట్టను గండికొడితే పైకోట ఎంత బలమైనదైనా వ్యర్థమే. బాదామి దుర్గంలో అత్యంత కీలకమైన రక్షణ నిర్మాణం, అందరి కళ్లెదుటా ఉండి ఎవరూ కోటలో భాగంగా లెక్కించని ఆ మట్టికట్ట.

క్రీ.శ. 642: పతనానికి సాక్ష్యం, విధ్వంసానికి సాక్ష్యం

జయింపరానిదని శాసనం చెప్పిన దుర్గం వందేళ్లకు పడిపోయింది. పల్లవ నరసింహవర్మ పదమూడవ రాజ్యసంవత్సరపు శాసనం, బాగా దెబ్బతిన్న స్థితిలో, బాదామిలోనే ఉంది, క్రీ.శ. 642 అన్న తేదీకి ఆధారం అదే. అతడు ధరించిన బిరుదం ‘వాతాపికొండ’. తెలుగు చెవికి ఇది వాతాపి అనే కొండలా వినిపిస్తుంది. తమిళంలో ‘కొండ’ అంటే చేజిక్కించుకొన్న అని అర్థం. కొండను గెలిచినవాడి బిరుదంలో కొండ అన్న మాట మరో అర్థంతో దొరలడం భాషల మధ్య జరిగిన చిన్న వింత.

కోట ఎలా పడిపోయిందో సమకాలిక పాఠాలేవీ వివరించవు. కూరం తామ్రశాసనం పరియాళ, మణిమంగళ, శూరమార మొదలైన చోట్ల పులకేశి ఓడినట్లు, వాతాపి నాశనమైనట్లు చెబుతుంది. పెరియపురాణం సేనాని పరంజ్యోతి వాతాపిని ధ్వంసం చేశాడంటుంది. అది పన్నెండవ శతాబ్దపు రచన. వాతాపి నుండి గణపతి విగ్రహం తమిళదేశానికి చేరిందన్న ప్రతీతి, ముత్తుస్వామి దీక్షితుల కీర్తన వల్ల తెలుగునాట ఇంటింటికీ తెలిసినదే. ఇక బిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురుతూ తల్లులు చెప్పే ‘వాతాపి జీర్ణం’ అన్న మాట అగస్త్యుని కథది. తటాకానికి అగస్త్యతీర్థమన్న పేరు ఉన్నందువల్ల స్థలపురాణం కథనూ ఊరినీ కలిపింది. ఈ స్మృతులకు వాటి విలువ వాటికి ఉంది. కానీ వాటిని కోటశిథిలాలకు కారణంగా చూపడం వేరు.

అలా చూపడం జరుగుతున్నది కూడా. దిగువ శివాలయంలో నేడు మిగిలినది గర్భగృహం, దానిపై శిఖరం. చుట్టూ ఉన్న ప్రదక్షిణాపథపు గోడలు లేవు. ఇది పల్లవ సేన పనేనని చెప్పడం పరిపాటి. ఆలయాన్ని అవమానించదలచిన సైన్యం ముందు పడగొట్టేది శిఖరాన్ని, గర్భగృహాన్ని. ఇక్కడ అవి రెండూ నిలిచి ఉన్నాయి. పోయినది చదునైన దిమ్మెలున్న వెలుపలి గోడ. కట్టడపు రాయి కావలసినవాడు తీసుకొనేది సరిగ్గా దానినే. 1340లో ఒకసారి, ఆ తరువాత ఎన్నోసార్లు ఇదే కొండపై కొత్త గోడలు లేచాయి. శిఖరాన ఉన్న ఎగువ శివాలయం గోడలు నిలిచి, ద్వారాలకూ దారికీ దగ్గరగా ఉన్న దిగువ ఆలయపు గోడలు పోవడం కూడా ఈ వివరణకే అనుకూలం. పల్లవ విజయం చారిత్రకసత్యం. ఆ విజయానికి ప్రతి పగిలిన రాయినీ సాక్షిగా నిలబెట్టడం పురావస్తుపద్ధతి కాదు. ప్రాకారాల్లోని దిమ్మెల కొలతలను, ఉలిగాట్లను, అచ్చుల అంచులను దిగువ ఆలయపు పునాదివరుసతో పోల్చి చూస్తే ఈ ప్రశ్న తేలుతుంది. అందుకు తవ్వకం అక్కరలేదు, కొలబద్ద చాలు.

పతనం తరువాత విక్రమాదిత్యుడు క్రీ.శ. 654–55 ప్రాంతంలో రాజ్యాన్ని నిలబెట్టాడు. ఆపై దాదాపు శతాబ్దంపాటు రాజధాని వాతాపియే. అయితే ఎనిమిదవ శతాబ్దంలో వంశపు మహానిర్మాణాలు మలప్రభ ఒడ్డున పట్టదకల్లుకు తరలిపోయాయి.

కిందిది పడితే పైది

శాసనంలోని జంటపదాల సైనికార్థం బాగా తెలియాలంటే చాలా తరువాతి యుద్ధాలను చూడాలి. స్థలస్వరూపం మారలేదు కనుక ఈ పోలిక నిరాధారం కాదు. 1786లో మరాఠాలు, హైదరాబాదు నిజాము సేనలు కలిసి టిప్పుసుల్తాను దళం కాపాడుతున్న బాదామిని ముట్టడించాయి. ఫిరంగులతో రోజుల తరబడి కొట్టినా ఫలితం రాక, చివరకు దిగువ పట్టణపు గోడలను నిచ్చెనలతో ఎక్కి పట్టుకొన్నాయి. దిగువ పట్టణం పోగానే కొండలపై దళాలు ప్రాణభయం లేకుండా వదిలిపెట్టాలన్న షరతుతో లొంగిపోయాయి. 1818 ఫిబ్రవరిలో థామస్ మన్రో కథ కూడా అదే. దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమకు సుపరిచితుడైన ఆ మన్రో, చాలీచాలని సైన్యంతో, జవానులను వెంటబెట్టుకొని వచ్చి దిగువ కోటకు గండికొట్టాడు. లగ్గపట్టిన దళం పారిపోయేవారి వెన్నంటి కొండకోటల గోడల దాకా దూసుకుపోయింది. పైకోటల కిల్లేదారు సంధి కోరాడు.

రెండు సందర్భాల్లోనూ పైకోటలను దాడి చేసి పట్టుకోవలసిన అవసరం రాలేదు. అంతటి ఎత్తు, అంతటి సందులు, వాటిని కాచే బురుజులు ఉండగానే, నీరూ ధాన్యమూ జనమూ ఉన్న దిగువభాగం చేజారిన మరుక్షణం పైభాగం నిలవలేకపోయింది. పులకేశి శాసనం ‘పైన’ కంటే ముందు ‘కింద’ అని చెప్పింది.

ఆ రాజు మనుమడు రెండవ పులకేశి ఈ విద్యను తెలుగుదేశం మీద ప్రయోగించాడు. శకవర్షం 556, క్రీ.శ. 634–35 నాటి ఐహొళె ప్రశస్తిలో రవికీర్తి, పిష్టపురాన్ని పిండిచేసి అక్కడి దుర్గాన్ని దుర్గమం కానిదిగా చేశాడని శ్లేషించాడు; ఆ వెంటనే కునాళ సరస్సు నీరు హతుల నెత్తుటితో ఎరుపెక్కినట్లు వర్ణించాడు. పిష్టపురం నేటి పిఠాపురం, కునాళం కొల్లేరు. కొండ లేని డెల్టా నేలపై ఆ దుర్గం దేనిని ఆధారంగా చేసుకొని నిలిచింది, గోడనా, నీటినా అన్న ప్రశ్నకు కూడా వాతాపి శాసనాన్ని చదివినట్లే ఆ ప్రశస్తిని పదం పదంగా చదవవలసి ఉంది.